ఇంట్లో బండి పనికి ఏ లిఫ్ట్ కొనాలి? క్లాసిక్ 350, 390 డ్యూక్ రెండూ ఉన్నాయి

గుంటూరు_క్లాసిక్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు బళ్ళున్నాయి. ఒకటి 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, రెండోది 2024 కేటీఎం 390 డ్యూక్. క్లాసిక్‌కి డబుల్ స్టాండ్ ఉంది, డ్యూక్‌కి సైడ్ స్టాండ్ తప్ప ఏమీ లేదు. ఆయిల్ మార్చడం, చైన్ కడిగి ల్యూబ్ కొట్టడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం ఇప్పటికే ఇంట్లోనే జరుగుతున్నాయి. ఇకమీదట చక్రాలు విప్పి టైర్ల షాపుకి తీసుకెళ్ళడం, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే రెండు గొట్టాలు) ఆయిల్ మార్చడం, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) విప్పి గ్రీజు పెట్టడం కూడా చేసుకోవాలని ఉంది.

స్థలం ఇంటి కింద పార్కింగే. వెడల్పు 10 అడుగులు, పొడవు 17 అడుగులు, రాత్రి కారు కూడా అక్కడే పెట్టాలి. నేల మీద పార్కింగ్ టైల్స్, గేటు వైపుకి వాలు. పైన దూలం అడుగు వరకు 8 అడుగుల ఎత్తు. సింగిల్ ఫేజ్ కరెంటు.

నా ముందు మూడు దారులున్నాయి: ముందుకీ వెనక్కీ పాడాక్ స్టాండ్ల జత (హ్యాండిల్ నొక్కితే బండి ఒక చివరని ఎత్తి పట్టే చక్రాల స్టాండ్లు), ఇంజిన్ కింద పెట్టే 500 కిలోల కత్తెర జాకీ, సర్వీస్ సెంటర్లలో ఉండే హైడ్రాలిక్ టేబుల్. టేబుల్ మీదే మనసుంది, నేల మీద కూర్చుని పని చేస్తే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కానీ కొన్నాక స్థలానికి అడ్డం, పనికి చాలదు అనిపిస్తే ఏం చేయాలో తెలియదు. ఏది ముందు కొనాలి, కొనేటప్పుడు ఏం చూడాలి?

పదమూడోనంబర్_పానా

అందరూ ముందు అడిగేది "ఎన్ని కిలోలు మోస్తుంది" అని. మీ విషయంలో అది చివర చూడాల్సింది. క్లాసిక్ ఆయిలూ పెట్రోలుతో కలిపి 195 కిలోలు, డ్యూక్ దాదాపు 168. మార్కెట్లో దొరికే ఏ లిఫ్టయినా ఆ బరువు మోస్తుంది. బండి కింద పడేది జాకీ విరిగి కాదు, పక్కకి ఒరిగి, లేదా ముందుకి దొర్లి. అందుకని ప్రతి పనికీ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ చక్రం గాల్లో ఉండాలి, ఏ భాగం ఊడి వస్తుంది, అది ఊడాక బండి దేని మీద నిలబడుతుంది?

ఆ లెక్కన క్లాసిక్‌కి సగం లిఫ్ట్ కంపెనీవాళ్ళే ఇచ్చేశారు. డబుల్ స్టాండ్ వేస్తే వెనక చక్రం విప్పడానికి, చైన్ పనికి ఇంకేం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. బండి ముందుకి కదిలితే డబుల్ స్టాండ్ మడతపడుతుంది. కాబట్టి స్టాండ్ కాలుకీ ఇంజిన్ ముందున్న ఫ్రేము గొట్టానికీ కలిపి ఒక బెల్టు బిగించండి. అప్పుడు యాక్సిల్ కోసం ఎంత గుంజినా స్టాండ్ వెనక్కి మడతపడదు.

డ్యూక్‌కి కావాల్సింది వెనక పాడాక్ స్టాండ్. ఇందులో రెండు రకాలు. ఎల్ ఆకారంలో రబ్బరు పట్టీలుండి స్వింగ్ ఆర్మ్‌ని (వెనక చక్రాన్ని పట్టే చేతుల్ని) కింద నుంచి ఎత్తేది ఒకటి, స్వింగ్ ఆర్మ్‌కి రెండు పక్కలా బోల్టుతో బిగించిన స్పూళ్ళని (చిన్న గుండ్రటి గుబ్బల్ని) పట్టుకుని ఎత్తేది ఇంకోటి. స్వింగ్ ఆర్మ్‌కి స్పూల్ రంధ్రాలుంటే స్పూల్ రకమే తీసుకోండి. రబ్బరు పట్టీల మీద ఆయిలో చైన్ ల్యూబో పడితే స్వింగ్ ఆర్మ్ జారుతుంది. పైగా కొన్ని బళ్ళకి ఆ పట్టీ సరిగ్గా చైన్ అడ్జస్టర్ కిందికే వచ్చి పానా తిరగనివ్వదు. స్పూల్ అయితే కప్పులో కూర్చుంటుంది, పక్కకి పోదు.

స్పూల్ మర సైజు మామూలుగా యమహాకి 6 మి.మీ., హోండా, సుజుకిలకి 8, కవాసకి, కేటీఎంలకి 10 అంటారు. అది విని ఆర్డర్ పెట్టకండి, రంధ్రం కొలిచి కొనండి. మర పిచ్ (చుట్ల మధ్య దూరం) కూడా కలవాలి. బిగించేటప్పుడు మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే వెళ్ళాలి. వేళ్ళతో వెళ్ళడం లేదంటే మర తేడా అని అర్థం. పానా వేసి బలవంతంగా తిప్పితే స్వింగ్ ఆర్మ్ అల్యూమినియం మర ఊడొచ్చేస్తుంది, ఆ ఖర్చు స్టాండ్ ఖరీదుని మించిపోతుంది. బోల్టు పొడవూ చూడండి. రంధ్రం అడుగు తగిలి ఆగితే బిగినట్టే అనిపిస్తుంది, స్పూల్ మాత్రం వదులుగా ఉంటుంది.

ఎత్తే పద్ధతి ఇదీ. సైడ్ స్టాండ్ కింద 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి పెట్టండి, బండి కొంచెం నిటారుగా నిలబడి రెండు స్పూళ్ళూ దాదాపు ఒక మట్టానికి వస్తాయి. ముందు బ్రేక్ లివర్‌ని మందపాటి రబ్బరు బ్యాండుతోనో వెల్క్రో పట్టీతోనో హ్యాండిల్‌కి కట్టేయండి. మొదట ఎడమ స్పూల్ కప్పులో ఆనించి, బండిని నిటారుగా లాగి కుడిది ఆనించండి. ఒక చెయ్యి సీటు వెనక పట్టు మీద, రెండో చెయ్యి స్టాండ్ హ్యాండిల్ మీద పెట్టి నేరుగా కిందికి నొక్కండి. లాగొద్దు, నొక్కాలి. స్టాండ్ చక్రాలు తమంతట తామే కొంచెం దొర్లి బండి కిందికి సర్దుకుంటాయి. అవి టైల్ సందులో ఇరుక్కుంటే స్టాండ్ లేవకుండా బండే కదిలిపోతుంది. అలా అయితే ఆపి, చోటు మార్చి మళ్ళీ మొదలెట్టండి. సైడ్ స్టాండ్ ఎప్పుడూ దించే ఉంచండి. జారితే అదే ఆదుకుంటుంది.

ఇక ముందు స్టాండ్. ఫోర్కు అడుగున పట్టి ఎత్తేది చవక, చక్రం విప్పడానికి చాలు. కానీ మీరు ఫోర్కు ఆయిల్, కోన్‌సెట్ అంటున్నారు. ఫోర్కు మీద బండిని నిలబెట్టి అదే ఫోర్కుని విప్పలేం కదా. కాబట్టి స్టీరింగ్ కాండం (హ్యాండిల్‌తో పాటు తిరిగే నిలువు గొట్టం) అడుగున్న రంధ్రంలో పిన్ను దూర్చి ఎత్తే హెడ్‌స్టాక్ స్టాండే తీసుకోండి. నాలుగైదు సైజుల పిన్నులు ఇస్తారు. పిన్ను రంధ్రంలో వదులు లేకుండా కూర్చోవాలి, భుజం దాకా లోపలికి దిగాలి. కొనేముందు టార్చి వేసి రెండు బళ్ళకీ కింది నుంచి చూడండి. హారన్, బ్రేక్ గొట్టం, మడ్‌గార్డ్ బ్రాకెట్ ఏవైనా పిన్నుకి అడ్డం ఉంటే ఆ బండికి అది పనికిరాదు.

ఒక లోటు కూడా చెప్పాలి. హెడ్‌స్టాక్ స్టాండ్ మీద ఫోర్కులు విప్పగలరు గానీ కోన్‌సెట్ పూర్తిగా విప్పలేరు. పిన్ను ఉన్నది ఆ స్టీరింగ్ కాండంలోనే, అది కిందికి జారి రావాలి. కోన్‌సెట్ పని రోజున ఫ్రేముని వేరే చోట మోయించాలి.

ఎప్పుడూ వెనక స్టాండ్ మొదట, ముందు స్టాండ్ తర్వాత. దించేటప్పుడు తిరగేసి: ముందు స్టాండ్ మొదట దించి, వెనకది ఆఖర్న.

రసమట్టం

పైన పానా గారు చెప్పినవన్నీ సరైనవే, కానీ అవి మట్టంగా ఉన్న నేల మీద. మీ అసలు సమస్య లిఫ్ట్ కాదు, నేల.

ఒక మీటరు నిటారు అల్యూమినియం పట్టీ, దాని మీద రసమట్టం పెట్టండి. పల్లం వైపు చివరని బుడగ మధ్యకొచ్చేదాకా ఎత్తి, కింద ఎంత సందు ఉందో కొలవండి. మీటరుకి 5 మి.మీ. లోపైతే దిగుల్లేదు. 10 దాటితే బండి ఏ దిక్కుకి పెడుతున్నారన్నది ముఖ్యం. వాలు పొడవునా వచ్చేలా, ముందు చక్రం ఎగువకి ఉండేలా పెట్టండి. కారణం చెప్తాను. వెనక పాడాక్ స్టాండ్ ఎత్తాక స్పూల్ కప్పులు స్టాండ్ చక్రాల ఇరుసుకి కొంచెం వెనక్కి వచ్చి ఆగుతాయి. అందుకే బండి బరువు హ్యాండిల్‌ని నేలకి నొక్కి పెడుతుంది. బండి ముందుకి దొర్లిందంటే కప్పులు ఇరుసుని దాటి ముందుకొస్తాయి, హ్యాండిల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, బండి దిగిపోతుంది. ఎగువకి చూసి నిలబడ్డ బండి వెనక్కే వాలుతుంది కాబట్టి ఆ భయం లేదు. డబుల్ స్టాండ్‌కీ ఇదే సూత్రం. వాలుకి అడ్డంగా మాత్రం పెట్టొద్దు, ఒక స్పూల్ మీదే బరువు పడుతుంది.

పార్కింగ్ టైల్స్‌ని రూపాయి బిళ్ళతో కొట్టి వినండి. గట్టి శబ్దం వస్తే కింద మాలు నిండుగా ఉంది. బోలుగా మోగితే, ముఖ్యంగా మూలల్లో, కింద గాలి ఉంది. కారు టైరు వెడల్పుగా ఆనుతుంది కాబట్టి అలాంటి టైల్ కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. స్టాండ్ చక్రమో జాకీ కాలో బొటనవేలంత చోట ఆనుతుంది. టేబుల్ 130 కిలోలు, బండి 195 అనుకోండి, మొత్తం 325. నాలుగు కాళ్ళ మీద పంచినా ఒక్కో కాలి కింద 80 కిలోల పైమాట. బోలు మూల మీద అది పడితే టైల్ చీలుతుంది, ఆ కాలు ఒక్కసారిగా సెంటీమీటరు దిగుతుంది. పైన బండి ఉన్నప్పుడు ఆ సెంటీమీటరు చాలు. షాబాద్ బండలో తాండూరు బండలో పరిచిన పాత పోర్టికోలకి కూడా ఇదే పరీక్ష.

మందు చవకే. 18 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి కొని షాపులోనే నిలువునా చీరించండి. 8×2 అడుగుల ముక్కలు రెండొస్తాయి. రెండూ పక్కపక్కన పరిస్తే బండి, మీరు కూర్చునే చోటు రెండూ దాని మీదికి వస్తాయి. పల్లం వైపు కింద సన్న చెక్క పట్టీలు అడుగుకొకటి చొప్పున పెట్టి మట్టం చేయండి. రెండు చివర్లే ఎత్తి మధ్యలో వదిలేస్తే షీటు ఊగుతుంది. పని అయ్యాక గోడకి ఆనించేయొచ్చు, కారుకి అడ్డం ఉండదు.

ఇప్పుడు కత్తెర జాకీ. దీన్ని ప్రధాన లిఫ్ట్‌గా కొనొద్దని గట్టిగా చెప్తాను. 500 కిలోలని రాసి ఉంటుంది, నిజమే, మోస్తుంది. కానీ దాని అడుగు వెడల్పు 25 సెం.మీ. అనుకుందాం, అంటే మధ్య నుంచి ఒక పక్కకి 12.5. ఎత్తిన బండి గురుత్వ కేంద్రం నేల నుంచి 65 సెం.మీ. ఎత్తున ఉందనుకుంటే, 11 డిగ్రీలు ఒరిగిందంటే పడిపోయినట్టే. ఒక్క చేత్తో బిగుసుకున్న బోల్టు గుంజితే ఆ 11 డిగ్రీలు రావడం కష్టం కాదు.

డ్యూక్‌కి అయితే ఆ ప్రశ్నే లేదు. ఇంజిన్ పొట్ట కింద ఎగ్జాస్ట్ పెట్టె వేలాడుతుంది, పల్చటి రేకు. దాని మీద జాకీ పెడితే నొక్కుకుపోతుంది, ఎగ్జాస్ట్ గొట్టం అతుకు దగ్గర గ్యాస్ లీకవుతుంది. పల్సర్ ఎన్‌ఎస్200 లాంటి బళ్ళకీ ఇదే కథ. క్లాసిక్‌కి పెట్టినా టార్చి వేసి ఫ్రేము గొట్టాలు ఎక్కడున్నాయో, ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఎక్కడుందో చూసి, మధ్యలో చెక్క వేసి పెట్టాలి. డ్రెయిన్ బోల్టు తల మీద బరువు పడితే ఇంజిన్ కేసు చీలే ప్రమాదం ఉంది.

దీనికి ఒకే ఒక మంచి ఉపయోగం ఉంది. క్లాసిక్ డబుల్ స్టాండ్ మీద ఉండగా, ముందు చక్రం నేల నుంచి 3 సెం.మీ. లేచేంత ఊతం ఇవ్వడం. బరువంతా డబుల్ స్టాండూ వెనక చక్రమూ మోస్తాయి, జాకీ సాయం మాత్రం చేస్తుంది. అంతవరకే.

గుంటూరు_క్లాసిక్

ఇద్దరికీ చాలా థాంక్సండి. ఇవాళ కొలిచాను. గేటు వైపుకి మీటరుకి 12 మి.మీ. వాలు, అడ్డంగా 3 మి.మీ. టైల్స్‌లో పదకొండు బోలుగా మోగాయి, అన్నీ గేటు దగ్గరే, లోపలి సగం గట్టిగా ఉంది. డ్యూక్ స్వింగ్ ఆర్మ్‌కి స్పూల్ రంధ్రాలున్నాయి.

టేబుల్ గురించి ఎవరైనా వివరంగా చెప్తారా? రెండు రకాలు కనిపించాయి: కాలితో తొక్కి లేపేది, మోటారుతో లేచేది. 220 సెం.మీ. పొడవు, 55 వెడల్పు అని రాసి ఉంది. ఇది నాకు సరిపోతుందా?

షెడ్డు_సత్తెనపల్లి

టేబుల్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. వారానికి ఒక పూటైనా పని చేసేవాళ్ళకి దానికి సాటి లేదు. చైన్, బ్రేకు, వాల్వ్ క్లియరెన్స్ అన్నీ కళ్ళ ఎదుట, నడుము ఎత్తులో ఉంటాయి. కింద కూర్చున్నప్పుడు కనిపించని ఆయిల్ చెమ్మ, చిట్లిన రబ్బరు గొట్టం టేబుల్ మీద ముందే కంటపడతాయి. నేల మీద తొందరగా ముగించేద్దాం అనిపించే పని టేబుల్ మీద నిదానంగా, శుభ్రంగా జరుగుతుంది. మోకాళ్ళ సంగతి మీరే చెప్పారు.

అయితే మీరు చెప్పిన కొలతలతో ఒక చిక్కుంది, అది కొన్నాక గానీ తెలియదు. లెక్క వేసి చూపిస్తాను. క్లాసిక్ ముందు టైరు 100/90-19. రిమ్ము 19 అంగుళాలంటే 482.6 మి.మీ., టైరు ఎత్తు రెండు వైపులా 90 చొప్పున 180, మొత్తం 662, సగం 331. వీల్‌బేస్, అంటే రెండు ఇరుసుల మధ్య దూరం, 1390. అంటే ముందు టైరు అంచు నుంచి వెనక ఇరుసు దాకా 172 సెం.మీ. వెనక పాడాక్ స్టాండ్ వేస్తే దాని హ్యాండిల్ ఇరుసుకి వెనక ఇంకో 50 నుంచి 60 సెం.మీ. దూరంలో ఆనుతుంది. మొత్తం 222 నుంచి 232. మీ టేబుల్ 220. హ్యాండిల్ ఆనాల్సిన చోట టేబులే లేదు! వెనక చక్రం కిందికి దింపుకోడానికి టేబుల్ చివర ఒక తీసేసే పలక ఉంటుంది చూశారా, అది తీశాక స్టాండ్ నిలబడే చోటే ఖాళీ అయిపోతుంది.

సరే, డబుల్ స్టాండ్ వేద్దామంటే, 55 సెం.మీ. టేబుల్ మీద బండి ఉంటే మీ కాళ్ళకి చోటేది? 195 కిలోల బండిని డబుల్ స్టాండ్ వేయాలంటే పక్కన గట్టిగా నిలబడాలి. టేబుల్ పూర్తిగా దించినా 18 నుంచి 20 సెం.మీ. ఎత్తుంటుంది, నేల మీద నిలబడి ఆ ఎత్తు మీద స్టాండ్ తొక్కడం ఒక్కరివల్ల కాదు. ఇద్దరుండాలి, లేదా పక్క పలకలు తగిలించుకునే వెడల్పు టేబుల్ కావాలి.

అందుకని టేబుల్ కొంటే కనీసం 240 పొడవు, 65 వెడల్పు ఉండేది చూడండి. ముందు చక్రం పట్టే బిగింపు రెండు దవడల శికంజాలా (బెంచ్ వైస్‌లా) ఉంటుంది. దాంతోపాటు, బండి ఎక్కగానే చక్రం తనంతట తాను కూర్చుని నిలిచే ఊయల ఉండేది తీసుకోండి. మీరు బెల్టులు బిగించేదాకా బండిని అదే పట్టుకుంటుంది. బిగింపు ఒక్కటే ఉంటే ఒకరు బండిని పట్టుకోవాలి, ఇంకొకరు మర తిప్పాలి.

బెల్టులు నాలుగు, 25 మి.మీ. రాట్చెట్ రకం. ముందు రెండూ కింది ఫోర్కు క్లాంపుకి మెత్తటి గుడ్డ ఉచ్చు వేసి కట్టండి. హ్యాండిల్ గ్రిప్పులకి, బ్రేక్ గొట్టాలకి, ఇండికేటర్లకి కట్టొద్దు. ఫోర్కు మూడో వంతు దిగేంత బిగిస్తే చాలు. పూర్తిగా నొక్కేసి గంటల తరబడి ఉంచితే ఆయిల్ సీళ్ళ మీద భారం. బెల్టు నిలువుగా కాకుండా పక్కకి ఏటవాలుగా లాగాలి, అప్పుడే ఒరగకుండా ఆపుతుంది.

కరెంటు సంగతి. మోటారు టేబుళ్ళలో కొన్ని మూడు ఫేజుల మీద నడుస్తాయి, మీ ఇంట్లో పనిచేయవు. సింగిల్ ఫేజ్ 230 వోల్టులని రాసి ఉందో లేదో మోటారు మీది పలకలోనే చూడండి, అమ్మేవాడి మాట మీద కాదు. గాలితో లేచేదైతే కంప్రెషర్ కావాలి, అది ఇంకో ఖర్చు, ఇంకో శబ్దం. ఇంటికి కాలితో తొక్కేదే మేలు. తొక్కుతూ పోతే ఒకటి రెండు నిమిషాల్లో లేస్తుంది, పాడయ్యే భాగాలూ తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం తాళం కడ్డీ. హైడ్రాలిక్ సిలిండర్ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. సీలు కొంచెం అరిగిందంటే ఆయిల్ లోలోపలే జారి టేబుల్ గంటకి రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. కంటికి తెలియదు. కావాల్సిన ఎత్తుకి లేపి, కడ్డీ దూర్చి, రిలీజ్ వాల్వ్ కొంచెం వదిలి బరువంతా కడ్డీ మీదికి దించాకే పానా పట్టండి. కడ్డీ లేని టేబుల్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

టేబుల్ లేచేటప్పుడు కుదుపుగా, స్పాంజిలా లేస్తుంటే సిలిండర్లో గాలి ఉంది. బండి లేకుండా పూర్తిగా దించి, రిలీజ్ వాల్వ్ తెరిచి పది పదిహేనుసార్లు పెడల్ తొక్కండి, గాలి పోతుంది. ఆయిల్ తగ్గితే టేబుల్ పూర్తిగా దిగి ఉన్నప్పుడే పోయాలి. లేపి ఉండగా నింపితే దించేటప్పుడు పొంగి బయటికొస్తుంది. తయారీదారు చెప్పిన గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిలే పోయండి. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్ళు ఉబ్బి సిలిండర్ పాడవుతుంది.

ఎత్తు మీకు సరిపోతుంది. 75 సెం.మీ. లేపినా బండి ఎత్తు 110, అద్దాలతో ఇంకొంచెం, మొత్తం రెండు మీటర్లలోపే. మీ దూలం 8 అడుగులు, అంటే 244. ఇబ్బంది కారుతోనే. టేబుల్ 240, దాని ర్యాంపు ఇంకో 60, మొత్తం మూడు మీటర్లు. పది అడుగుల వెడల్పులో కారూ అదీ పక్కపక్కన పెడితే కారు తలుపు తెరుచుకోదు. రోజూ 130 కిలోల టేబుల్‌ని చక్రాల మీద తోసి గోడకి చేరుస్తారా? బోలు టైల్స్ మీద?

పదమూడోనంబర్_పానా

సత్తెనపల్లి గారి ఆఖరి ప్రశ్నే నా జవాబు కూడా. కారు అదే చోట ఉన్నంతకాలం టేబుల్ వద్దు. మోకాళ్ళకి వేరే ఉపాయం ఉంది: 30 సెం.మీ. ఎత్తున్న చక్రాల స్టూలు. దాని మీద కూర్చుంటే పాడాక్ స్టాండ్ మీదున్న బండి ఇరుసు, చైన్, బ్రేక్ కాలిపర్ అన్నీ చేతికి తిన్నగా వస్తాయి. దాని చక్రాలు మాత్రం ప్లైవుడ్ మీదే తిరగాలి.

బేతంచెర్ల_బండ

లిఫ్ట్ ఏదైనా పని వరస తప్పితే బండి పడుతుంది. ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇది చెప్తున్నాను.

బిగువు ఎక్కువున్న నట్లన్నీ రెండు చక్రాలూ నేల మీదుండగానే వదులు చేయండి. వెనక యాక్సిల్ నట్టు, ముందు యాక్సిల్, స్ప్రాకెట్ నట్టు. పావు చుట్టు వదిలితే చాలు, పూర్తిగా విప్పొద్దు. బండిని స్టాండ్ మీదెక్కించాక పొడుగు టామీ (పానా తిప్పే కడ్డీ) వేసి యాక్సిల్ నట్టు మీద బలం వేయడమే పాడాక్ స్టాండ్ బళ్ళు పడడానికి పెద్ద కారణం. బిగించడమూ అంతే. ఆఖరి టార్క్ చక్రం నేలకి దిగాకే.

డ్యూక్ ఫోర్కు ఆయిల్ రోజున వరస ఇలా ఉండాలి. ముందు, ఫోర్కు గొట్టం పై క్లాంపు మీద ఎంత పైకి పొడుచుకొచ్చిందో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. పైన అడ్జస్టర్లు ఎన్నో క్లిక్కులో ఉన్నాయో కూడా. తర్వాత పై క్లాంపు బోల్టులు వదిలి, కింది క్లాంపు బిగువుగా ఉండగానే ఫోర్కు పై మూత పావు చుట్టు వదలండి. గొట్టం చేతిలోకి వచ్చాక ఆ మూత ఊడదీయడం నరకం. ఇప్పుడు వెనక స్టాండ్, ఆ తర్వాత హెడ్‌స్టాక్ స్టాండ్. కాలిపర్ విప్పి ఫ్రేముకి తీగతో వేలాడదీయండి, గొట్టం మీద వేలాడనివ్వొద్దు. ప్యాడ్ల మధ్య ఒక పల్చటి చెక్క ముక్క పెట్టండి. ఎవరైనా పొరపాటున బ్రేక్ లివర్ నొక్కినా పిస్టన్లు బయటికి రావు. లివర్‌కి కట్టిన రబ్బరు బ్యాండు అంతకుముందే తీసేయాలి, మర్చిపోవద్దు. ఏబీఎస్ సెన్సర్ ఒక చిన్న బోల్టుతో ఉంటుంది. అది విప్పి పక్కకి కట్టండి, తీగ పట్టుకు లాగొద్దు. అప్పుడు చక్రం, మడ్‌గార్డు, ఒక్కో ఫోర్కు.

చక్రం, ఫోర్కులు తీసేశాక ముందు భాగం తేలికవుతుంది. బండి వెనక్కే మొగ్గుతుంది కాబట్టి హెడ్‌స్టాక్ పిన్ను మీద బరువు తగ్గుతుంది. ఆ సమయంలో వెనక కూర్చుని సీటు మీద చెయ్యి ఆనించడం, పెట్రోల్ ట్యాంకు మీద సామాను పెట్టడం చేయొద్దు.

చైన్ కడిగేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి గేరులో వేసి చక్రం తిప్పడం చూస్తుంటాం. దయచేసి ఎవరూ చేయొద్దు. గుడ్డ చైన్‌కి తగులుకుంటే స్ప్రాకెట్ దాకా వెళ్ళడానికి క్షణం పట్టదు, దాంతోపాటే వేలు. న్యూట్రల్‌లో పెట్టి చేత్తో వెనక్కి తిప్పుకుంటే పది నిమిషాల పని.

ఇంకోటి, పార్కింగ్ శ్లాబులో కొక్కెం ఉంది కదా అని తాడు వేసి ముందు భాగం వేలాడదీయాలనుకుంటారు, ముఖ్యంగా కోన్‌సెట్ పనికి. అది ఫ్యాను కోసం వేసిన కొక్కెం. ఫ్యాను నాలుగైదు కిలోలు. బండి ముందు సగం దాదాపు వంద. మీ కోన్‌సెట్ పని క్లాసిక్‌దైతే డబుల్ స్టాండ్, దాని కాలికి బెల్టు, ముందు ఫ్రేము కింద చెక్క వేసిన జాకీ చాలు, స్టీరింగ్ కాండం ఖాళీగా ఉంటుంది. డ్యూక్‌ది మాత్రం అవసరం వచ్చినప్పుడు టేబుల్ ఉన్న షెడ్డులో చేయించుకోండి.

గుంటూరు_క్లాసిక్

నిర్ణయం అయిపోయింది. లోపలి సగంలో ప్లైవుడ్ పరిచి మట్టం చేసి, డ్యూక్‌కి స్పూళ్ళు, వెనక పాడాక్ స్టాండ్, హెడ్‌స్టాక్ స్టాండ్. క్లాసిక్ ముందు చక్రానికి చిన్న కత్తెర జాకీ, డబుల్ స్టాండ్‌కి బెల్టు. టేబుల్ ఇప్పటికి లేదు. స్టాండ్ ఇంటికొచ్చాక వాపసు ఇచ్చే గడువులోగా ఏమేం చూడాలి?

రసమట్టం

మొదట అతుకులు. చక్రాల ఇరుసు పట్టుకునే బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ గొట్టం చుట్టూ పూర్తిగా తిరిగి ఉండాలి. పైన రెండు చుక్కలు పెట్టి పౌడర్ కోటింగ్ కొట్టేస్తారు, గోటితో రాసి చూస్తే గుంటలు తెలుస్తాయి. గొట్టం చివర ప్లాస్టిక్ మూత తీసి మందం కొలవండి. 2 మి.మీ. తగ్గితే వెనక్కి పంపేయండి. చదునైన గచ్చు మీద పెట్టి హ్యాండిల్ నొక్కితే రెండు చక్రాలూ నేలని ఆనాలి. ఒకటి గాల్లో ఉంటే ఫ్రేము మెలికపడింది.

స్పూల్ కప్పులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని నేల నుంచి టేపుతో కొలవండి, తేడా 2 మి.మీ. మించకూడదు. వెడల్పు సర్దుకునే బోల్టులు బిగించి, స్పూళ్ళకీ కప్పులకీ మధ్య రెండు వైపులా రెండేసి మిల్లీమీటర్ల సందు ఉంచండి. మరీ బిగువుగా పెడితే ఎత్తేటప్పుడు ఒక వైపు ముందు ఎక్కి బండి ఒరుగుతుంది.

మొదటిసారి ఎత్తే రోజు ఇంకొక మనిషిని కుడి పక్కన నిలబెట్టుకోండి. మీరు ఎడమ వైపు నుంచి ఎత్తుతారు, బండి పడేది కుడి వైపుకే, అటు సైడ్ స్టాండ్ ఉండదు.